బోను దించినా రొయ్య రాకపోతే: స్పాట్ రొయ్యల వేటలో సమస్యలు - పరిష్కారాలు

భీమవరం చుట్టుపక్కల పుట్టి పెరిగినవారికి రొయ్య అంటే వనామి చెరువు, ఏరియేటర్ల హోరు, గట్టు మీద నుంచి వంగితే చేతికందే నీళ్ళు. కెనడా పడమటి తీరంలోని బ్రిటిష్ కొలంబియాకు వచ్చి, సరదాకు స్పాట్ రొయ్యలు పట్టాలని పడవ ఎక్కినప్పుడు ఆ అనుభవం పెద్దగా అక్కరకు రాదు. ఈ రొయ్య ఉండేది 60 నుంచి 100 మీటర్ల లోతున, రాతి వాలుల మీద. వల విసిరితే అందదు. ఎర పెట్టిన బోనును తాడుతో దించి, తాడు పై కొనకు గుర్తుగా తేలే బెండు కట్టి, కొన్ని గంటల తరవాత పైకి లాగాలి. కొల్లేటిలో మావులనే బోన్లు వేసి చేపలు పట్టే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. తేడా అంతా లోతులో ఉంది, అందువల్ల తాడులో ఉంది.

ఖాళీ బోను పైకి రాగానే అందరూ ముందు ఎరను తిడతారు. నేను చూసినంతలో ఎర దోషం తక్కువ. తాడు, లోతు, అడుగు నేల, ఈ మూడూ చూసుకున్న తరవాతే ఎర దగ్గరికి రండి.

తిరిగి వచ్చేసరికి బెండు కనబడటం లేదు

ఇది అన్నిటికంటే ఖరీదైన సమస్య. నా మొదటి వేసవిలో రెండు బోన్లు ఇలాగే పోయాయి. 300 అడుగుల లోతుకు 300 అడుగుల తాడు సరిపోతుందనుకున్నాను. ఇక్కడి జార్జియా జలసంధిలో పెద్ద పోటు రోజున నీటిమట్టం 4 మీటర్లకు పైగా మారుతుంది. ఆటు సమయంలో బిగువుగా నిలిచిన తాడు, పోటు రాగానే బెండును నీళ్ళలోకి లాక్కుపోతుంది. దానికి ప్రవాహం తోడైతే తాడు ఏటవాలుగా సాగి ఇంకా పొడవు కోరుతుంది.

పరిష్కారం లెక్కలోనే ఉంది. లోతు కంటే కనీసం మూడో వంతు ఎక్కువ తాడు ఉండాలి. 300 అడుగులకు 400 అడుగులు. దుకాణాల్లో దొరికే చుట్ట కూడా తరచు అంతే ఉంటుంది. బెండు పెద్దది కొనండి. చిన్న బెండు ప్రవాహానికి మునిగిపోతుంది, పెద్దది తట్టుకుంటుంది. నీరు నిలకడగా ఉండే వేళకు కాస్త ముందో తరవాతో దించండి. బెండు మునిగిపోయిందని తోస్తే వెంటనే ఆశ వదులుకోకండి. దించినప్పుడే ఆ చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని ఉంటే, ప్రవాహం తగ్గాక అక్కడికే వెళ్ళి చూడండి. చాలాసార్లు బెండు మళ్ళీ తేలుతుంది.

బెండు కనబడకపోవడానికి ఇంకో కారణం తేలే రకం తాడు. చవకగా దొరికే పాలీ తాడు నీటి మీద పాములా పరుచుకుంటుంది, దారిన పోయే పడవ ప్రొపెల్లర్ దాన్ని కోసేస్తుంది. మీ బోను పోవడం ఒక ఎత్తు, అవతలివారి ఇంజను ఆగిపోయి రాళ్ళ వైపు కొట్టుకుపోవడం మరో ఎత్తు. లోపల సీసం ఉన్న, మునిగే తాడే కొనండి. డబ్బు తక్కువైతే ఒక బోను తగ్గించుకోండి గాని తాడు దగ్గర రాజీ పడకండి.

బెండు ఉంది, కానీ గుర్తుపెట్టిన చోట లేదు

బోను తేలికైనది. మడత పెట్టుకునే బోన్లు కారు డిక్కీలో సులువుగా ఇముడుతాయి, కానీ ప్రవాహానికి నేల మీద జారుతూ పోతాయి. జారే బోనులోకి రొయ్య ఎక్కదు. అడుగు చట్రానికి సమంగా మూడు నాలుగు కిలోల బరువు కట్టండి. బరువంతా ఒక పక్కే ఉంటే బోను ఒరిగి, ద్వారం నేలకు నొక్కుకుపోతుంది. పడవలో చోటు ఉన్నవారికి నా సలహా, ఒకదానిలో ఒకటి పేర్చుకునే ఇనుప చట్రం బోన్లు. బరువు వాటిలోనే ఉంటుంది.

దించేటప్పుడు ఒక్కసారిగా విసిరేయకండి. తాడును చేతుల్లో కొద్దిగా బిగబట్టి వదులుతుంటే బోను నిటారుగా దిగుతుంది. తాడును ఎన్నడూ చేతికి చుట్టుకోవద్దు. కాలి కింద చుట్టలు పడకుండా చూసుకోండి.

అంతా సరిగానే ఉంది, బోను మాత్రం ఖాళీ

ముందు లోతు ఏ కొలతలో చదివారో చూడండి. ఇక్కడి పాత సముద్ర పటాల్లో లోతులు ఫాథమ్‌లలో ఉంటాయి, కొత్తవాటిలో మీటర్లలో. ఫాథమ్ అంటే 6 అడుగులు, మన జాలర్లు చేతులు చాచి కొలిచే బారకు దాదాపు సమానం. "50 దగ్గర దించు" అని పాతకాపు చెప్పిన మాట 50 బారలు, అంటే 300 అడుగులు, 91 మీటర్లు. మీరు తెర మీద 50 మీటర్లు చూసి దించితే రొయ్యలున్న చోటుకు చాలా పైన ఆగిపోతారు. పడవలోని లోతు కొలిచే యంత్రాన్ని అడుగులకో మీటర్లకో మార్చి, ఇక దాన్ని ముట్టుకోకండి.

కొలత సరైనదే అయితే నేలను అనుమానించండి. బోనులో నక్షత్ర చేపలు, బురద, హ్యాగ్‌ఫిష్ అనే పాములాంటి చేప వదిలిన జిగురు వచ్చాయంటే మీరు చదునైన బురద మీద ఉన్నారు. పటంలో లోతు గీతలు దగ్గరదగ్గరగా ఉన్న వాలు, దాని మీద అరుగులాంటి చోటు వెతకండి. హౌ సౌండ్, ఇండియన్ ఆర్మ్, శానిచ్ ఇన్‌లెట్ వంటి లోతైన సముద్రపు పాయల్లో ఇలాంటి అంచులు చాలా ఉంటాయి. నాలుగు బోన్లనూ ఒకే లోతున దించకండి. 60, 75, 90, 100 మీటర్లకు ఒక్కొక్కటి వేస్తే ఆ రోజు రొయ్య ఎక్కడుందో మొదటి లాగుడులోనే తెలిసిపోతుంది.

రొయ్యలకు బదులు ఖాళీ పెంకులు

ఆక్టోపస్ వచ్చి వెళ్ళింది. కొన్నిసార్లు లోపలే కూర్చుని పైకి వస్తుంది. ఒకసారి బోను రుచి మరిగితే ఆ చోటు వదలదు. దాన్ని జాగ్రత్తగా నీళ్ళలోకి వదిలి, మీరే కొన్ని వందల మీటర్లు దూరం జరగండి. రాత్రంతా ఉంచే బదులు రెండు మూడు గంటలకే లాగితే దానికి సమయం చిక్కదు.

ఎర మిగిలే ఉంది, లేదా పూర్తిగా మాయమైంది

ఇప్పుడు ఎర సంగతి. చేపనూనె పట్టించిన గుళికలు, వాటిలో కలిపిన పిల్లుల డబ్బా ఆహారం ఇక్కడ వాడుకలో ఉన్న మిశ్రమం. ఎర పెట్టే డబ్బా రంధ్రాలు మరీ చిన్నవైతే వాసన బయటికి పోదు; గుళికలు నాని ఉబ్బి రంధ్రాలను మూసేస్తాయి కూడా. అందుకే డబ్బాను ముప్పావు వంతే నింపండి. రంధ్రాలు పెద్దవైతే గంటలో కడుక్కుపోతుంది. డబ్బాను బోను నడుమ వేలాడదీయండి. జాలీకి ఆనితే రొయ్య బయట నిలబడే తింటుంది, లోపలికి రావలసిన అవసరం దానికి ఉండదు.

లాగలేకపోతున్నాం

వంద మీటర్ల సీసం తాడును చేత్తో నాలుగుసార్లు లాగితే నడుము పట్టేస్తుంది. పడవ అంచుకు చిన్న స్తంభం, గిలక బిగిస్తే భారం సగం తగ్గినట్టే అనిపిస్తుంది. బ్యాటరీతో నడిచే లాగుడు యంత్రం హాయి, కానీ పడవ స్టార్ట్ చేసే బ్యాటరీకి దాన్ని తగిలించకండి. వేరే బ్యాటరీ ఉండాలి. తాడు అసలే కదలకపోతే బోను రాతి కింద ఇరుక్కుంది. పడవను దించిన దిశకు ఎదురుగా తిప్పి నెమ్మదిగా లాగండి.

చిన్నవి, గుడ్లున్నవి ఎక్కువగా వస్తున్నాయి

స్పాట్ రొయ్య మగగా మొదలై, తరవాత ఆడగా మారుతుంది. ఆయుష్షు సుమారు నాలుగేళ్ళు. శరదృతువు నుంచి వసంతం దాకా ఆడ రొయ్య తోక కింద గుడ్లు మోస్తుంది. చిన్నవాటినీ, గుడ్లున్నవాటినీ వెంటనే, బతికుండగానే వదిలేయండి. జాలీ కన్ను పెద్దగా ఉన్న బోను కొంటే చిన్నవి అడుగునే జారిపోతాయి. నేను ఈ విషయంలో కఠినంగా ఉంటాను: గుడ్ల రొయ్యను డబ్బాలో వేసే మిత్రుణ్ణి రెండోసారి పడవ ఎక్కించుకోను.

సముద్రపు వేట లైసెన్సు తప్పనిసరి. అది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు చెల్లుతుంది. మనిషికి నాలుగు బోన్లు, బెండు మీద పేరు. రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చు, ఆ పాయలో వేట తెరిచి ఉందా అన్నది కెనడా మత్స్యశాఖ ప్రకటనల్లో బయలుదేరే రోజునే చూడండి. మధ్యలో మూసేస్తుంటారు.

ఇంటికి తెచ్చాక మాంసం మెత్తబడి పిండిలా అయింది

చచ్చిన రొయ్య తలలోని ఎంజైములు తోకలోకి దిగి కండను కరిగిస్తాయి. చల్లని సముద్రపు నీటిలో, నీరు మారుస్తూ బతికించి ఒడ్డుకు తెండి. ఎండలో బకెట్ వదిలితే అరగంటలో చచ్చిపోతాయి. ఒడ్డున తలలు తుంచి కడిగి, తోకలను నీళ్ళు పోసిన డబ్బాలో పెట్టి గడ్డకట్టించండి. తలలు ఆ పూటే పులుసులోకి వెళ్ళాలి, మర్నాటికి పనికిరావు.