పాత ఫోన్ అమ్మే ముందు

హైదరాబాద్‌లో ఫోన్లు కొని అమ్మే జగదీష్ మార్కెట్‌కు బయల్దేరే ముందే ఇవన్నీ ఇంట్లో ముగించండి. షాపులో బేరం మధ్య హడావిడిగా చేయొద్దు.

• సిమ్, మెమరీ కార్డు తీసేయండి. కార్డులో డిలీట్ చేసిన ఫొటోలను మామూలు సాఫ్ట్‌వేర్‌తోనే వెనక్కి తేవచ్చు. పిల్లల ఫొటోలు, పాస్‌బుక్ ఫొటోలు, ఎవరికో పంపిన పాన్ కార్డు అన్నీ అందులోనే ఉంటాయి. కార్డు అసలు అమ్మకండి.

• వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. ఫోన్‌పే, బ్యాంకు యాప్‌ల నుంచి లాగౌట్ అవ్వండి.

• ముందు గూగుల్ ఖాతా తీసేయాలి, తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయడం). లేకపోతే ఫోన్ పాత ఖాతా వివరాలే అడగొచ్చు. అప్పుడు కొనేవాళ్లు పాస్‌వర్డ్ అడిగితే దయచేసి చెప్పొద్దు, మీరే టైప్ చేయండి.

• ఆధార్ జిరాక్స్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి 4 అంకెలే కనిపిస్తాయి. దానిమీద ‘ఫోన్ అమ్మకానికి మాత్రమే’ అని తేదీతో రాయండి.

• ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు నంబరు) వేసిన రసీదు తప్పకుండా తీసుకోండి.