గొడవల్లో సైన్యం దిగితే ఏం చూడాలి

శ్రీకాకుళంలో అల్లర్లు ముదిరి సైన్యం దిగిందంటే, ముందు ఆదేశం ఎవరిచ్చారో చూడండి. 2023 నాటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 149వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం అక్కడ హాజరుగా ఉన్న కలెక్టరుది, లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుది (తహశీల్దారులాంటి అధికారిది). పొరపాటు జరిగేది ఇక్కడే: తహశీల్దారు అక్కడే ఉన్నా, కలెక్టరు అధికారమివ్వకపోతే ఆయన మాట చెల్లదు. అదీ మరే దారిలోనూ గుంపు చెదరకపోతేనే. బలప్రయోగం చాలినంత వరకే. జనం పారిపోతుండగా తూటా పేలిస్తే హద్దు దాటినట్టే.

మెజిస్ట్రేటును అందుకునే వీలే లేకుంటే 150వ సెక్షన్ కింద సాయుధ దళాల కమిషన్డ్ లేదా గెజిటెడ్ ఆఫీసరు సొంతంగా దిగొచ్చు. ఫోను కలిసిందా, అప్పట్నుంచి మెజిస్ట్రేటు చెప్పినట్టే నడవాలి. అందుకే ఆ టైము నిమిషాలతో సహా రాసిపెట్టుకోండి.

తిత్లీలాంటి తుపానుకు చెట్లు తీయడానికొచ్చిన జవాన్లకు గుంపును చెదరగొట్టే అధికారం దానంతటదే రాదు.