పీసీఓడీ హిస్టరీ: నాన్న వైపు కూడా అడిగి రండి

గైనిక్ ఓపీలో డాక్టర్‌గారి కంటే ముందు పేషెంట్ వివరాలు రాసుకునేది నేనే. హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే పీసీఓడీతో వచ్చినవాళ్లను "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇది ఉందా?" అని అడిగితే దాదాపు అందరూ తల అడ్డంగా ఊపుతారు. అమ్మమ్మల రోజుల్లో స్కానింగులు ఎక్కడివి, ఆ పేరు తెలియడానికి? అందుకే జబ్బు పేరు అడగడం మానేసి, లక్షణాలు అడుగుతాను. మీరూ ఇంట్లో అవే అడిగి రాసుకు రండి.

ముందు అమ్మ, అక్కచెల్లెళ్లు. నెలనెలా డేట్ వచ్చేదా, రెండు మూడు నెలలకోసారా? గడ్డం మీద ముదురు వెంట్రుకలు ఉండేవా? పిల్లల కోసం మందులు వాడారా? తర్వాత పిన్ని, పెద్దమ్మ, అమ్మమ్మ. నలుగురిలో అడిగితే పెద్దవాళ్లు నోరు విప్పరు. ఒంటరిగా ఉన్నప్పుడు "అమ్మమ్మా, పెళ్లయిన ఎన్నేళ్లకు అమ్మ పుట్టింది?" అని మొదలుపెట్టండి. "ఎన్ని గుళ్లు తిరిగామో" అని మొదలుపెట్టి, మిగతాది ఆవిడే చెబుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీ జన్యువుల్లో సగం నాన్నవి కదా! ఈ ముప్పు ఆయన వైపు నుంచీ రావచ్చు. మగవాళ్లలో నెలసరి తేడా కనిపించదు గానీ, పీసీఓడీ ముప్పు పెంచే జన్యువులు ఎక్కువగా ఉన్నవాళ్లకు షుగర్, ఊబకాయం, బట్టతల ఎక్కువని పరిశోధనల్లో తేలింది. కాబట్టి నాన్నకు షుగర్ ఎన్నో ఏట బయటపడింది, బాబాయికి చిన్న వయసులోనే జుట్టు ఊడిందా, మేనత్త సంగతేమిటి, ఇవన్నీ కావాలి.

అమ్మానాన్నలది మేనరికమైతే మొహమాటపడకుండా చెప్పండి. అచ్చం పీసీఓడీలాగే కనిపించే సీఏహెచ్ అనే అడ్రినల్ గ్రంథి జబ్బు ఒకటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే అది వస్తుంది. 17-ఓహెచ్‌పీ రక్తపరీక్షతో దాన్ని వేరుచేస్తారు.

"జన్యు పరీక్ష చేయించుకోమంటారా?" అని ఈమధ్య తరచూ అడుగుతున్నారు. పీసీఓడీకైతే వద్దంటాను. నెదర్లాండ్స్‌లో కవలల మీద 2006లో వచ్చిన అధ్యయనం వంశపారంపర్యం వాటా సుమారు 70 శాతమని చెప్పింది, నిజమే. కానీ దానికి ఒకే జన్యువు కారణం కాదు. 2018లో పది వేలమందికి పైగా పేషెంట్ల డేటా కలిపి చూస్తే డెన్‌డి1ఏ, థాడా లాంటి జన్యువుల దగ్గర, మొత్తం 14 చోట్ల పీసీఓడీతో ముడిపడిన తేడాలు దొరికాయి. అన్నీ కలిపినా ఎవరికి వస్తుందో చెప్పలేవు. ఆ డబ్బుతో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ టెస్ట్ చేయించుకోండి, ముఖ్యంగా మెడ వెనక చర్మం నల్లగా మందంగా ఉంటే.

ఇంట్లో టీనేజ్ పిల్ల ఉంటే ఇప్పుడే టెన్షన్ పడకండి. రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ అవడం మామూలే. మూడేళ్లు దాటాక కూడా 35 రోజులకు మించి ఆలస్యమవుతున్నా, ఏడాదికి ఎనిమిదిసార్లు కూడా రాకపోతున్నా తీసుకురండి. పీసీఓడీ తేల్చడానికని ఆ వయసులో స్కానింగ్ కోసం పట్టుబట్టొద్దు. రజస్వల అయిన ఎనిమిదేళ్ల వరకు అండాశయాల్లో నీటిబుడగల్లా కనిపించడం మామూలే.