సముద్రంలో చేపలు తగ్గుతున్నాయో లేదో తేల్చడం ఎలా

సముద్రంలో చేపల్ని ఎవరూ లెక్కపెట్టలేరు కదా, మరి ఫలానా చేప తగ్గిపోతోందని ఎలా చెప్తారు? ఆనవాళ్లు పట్టుకుని అంచనా కడతారు. ముందు ఒక్క రకం చేప, అది తిరిగే ప్రాంతం తీసుకోండి. అన్నీ కలిపేస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు.

మొత్తం ఎన్ని టన్నులు పడ్డాయో చూసి మోసపోకండి. పడవలు రెట్టింపైతే, నీళ్లలో చేపలు తగ్గుతున్నా ఒడ్డుకొచ్చే టన్నులు పెరుగుతాయి. కాబట్టి పడినదాన్ని పట్టిన శ్రమతో భాగించాలి: 10 గంటలు వల లాగితే 400 కిలోలు పడ్డాయంటే గంటకు 40. ఏళ్ల తరబడి ఈ అంకె పడిపోతుంటే అనుమానించాల్సిందే (మధ్యలో వల, ఇంజిన్ మారితే పోలిక చెల్లదు). అంకె నిలకడగా ఉన్నా నిశ్చింత పనికిరాదు. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో మిగిలిన కాడ్ చేపలు ఒకచోట గుమిగూడటంతో ట్రాలర్లకు (వల లాగే పెద్ద పడవలకు) వేట బాగానే ఉన్నట్టు కనిపించింది, తీరా 1992లో కెనడా ఆ వేటనే ఆపేసింది. అందుకే సర్వే ఓడలు చేపలున్న చోటు వెతుక్కోకుండా, ముందే ఎంచిన చోట్లలో ఏది పడితే అది నమోదు చేస్తాయి.

నాకైతే అన్నిటికంటే నమ్మకమైనది స్కేలు. మూతి కొస నుంచి తోక చీలిక వరకు కొలవండి, ప్రతిసారీ అలాగే. ఆ రకం ఎంత పొడవుకి గుడ్లు పెట్టే వయసుకొస్తుందో కనుక్కుని, వలలో పడ్డవాటిలో ఎన్ని అంతకంటే చిన్నవో చూడండి. సగానికి పైగా పిల్లలే అయితే టెన్షన్ పడాల్సిందే. పెద్ద ఆడచేపలు కనిపించకపోవడం ఇంకా చెడ్డ గుర్తు, గుడ్లలో పెద్ద వాటా వాటిదే. వయసు కావాలంటే తలలోని చెవిరాయిని పల్చగా కోసి, మైక్రోస్కోప్ కింద వలయాలు లెక్కిస్తారు, ఉష్ణమండల చేపల్లో అవి అంత స్పష్టంగా ఉండవు.

ఇవన్నీ గణిత మోడల్‌లో వేస్తే రెండు నిష్పత్తులు వస్తాయి. దీర్ఘకాలం గరిష్ఠంగా పట్టుకోవడానికి ఉండాల్సిన నిల్వలో (అంటే నీళ్లలో ఉన్న ఆ రకం చేపల మొత్తంలో) ఇప్పుడు ఎన్నో వంతు ఉంది, వేట ఒత్తిడి దాని హద్దుకి ఎన్ని రెట్లుంది. మొదటిది 1కి తగ్గి, రెండోదీ 1కి తక్కువే అయితే నిల్వ కోలుకునే అవకాశం ఉంది. రెండోది 1 దాటితే ఇంకా తవ్వుకుంటున్నారన్నమాట. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) లెక్కల్లో అతిగా వేటాడిన నిల్వలు 1974లో 10 శాతం, 2021కి 37.7 శాతం.

ఎవరైనా ఒక్క అంకె చూపిస్తే దాని అటూఇటూ అడగండి. నిల్వ నిష్పత్తి 1.1 అని రాసి, పక్కన 0.6 నుంచి 1.6 అని ఉంటే, క్షేమం అనడానికి లేదు.