పాత చెక్క వేట పడవను అమ్మడం, అమ్మేలోగా కాపాడుకోవడం

పాత చెక్క పడవకు అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం, యజమాని దాన్ని అమ్మేద్దామని నిర్ణయించుకున్న రోజుకూ కొనే మనిషి దొరికిన రోజుకూ మధ్య గడిచేదే. వేటకు వెళ్ళే రోజుల్లో ఎవరో ఒకరు లోపల చేరిన నీళ్ళు తోడుతారు, వదులైన మేకును గమనిస్తారు, లేచిన రంగును గీకి మళ్ళీ పూస్తారు. అమ్మకానికి పెట్టాక ఆ శ్రద్ధ సన్నగిల్లుతుంది. "ఎలాగూ ఇచ్చేస్తున్నాం కదా" అనుకుంటూ ఒక్క వర్షాకాలం గడిపేస్తే చాలు, మంచి బేరం పలకవలసిన పడవ వంటచెరకు ధరకు దిగుతుంది. అందువల్ల ప్రకటన రాయడానికి ముందే, పడవ కొత్త చేతికి అందే వరకు నిలిచి ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి.

చాలామంది ఉప్పునీటిని శత్రువుగా భావిస్తారు గాని, చెక్కను కుళ్ళబెట్టే బూజుకు ఉప్పు గిట్టదు. పైనుంచి పడి మూలల్లో నిలిచే వాన నీరే దానికి ఊపిరి పోస్తుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం ఆ బూజు పెరగలేదు. కాబట్టి టార్పాలిన్‌ను పడవకు అంటిపెట్టి బిగించకుండా, నడుమ పొడవునా ఒక వాసం నిలిపి, దాని మీద రెండు వైపులా వాలుగా కప్పి, ముందూ వెనుకా గాలి ఆడేలా వదలాలి. లోపలి నేల పలకలనూ గదుల మూతలనూ తీసి పక్కన పెట్టాలి.

పడవ ఒడ్డున ఉంటే దాని బరువంతా అడుగు దూలం మీదే పడాలి. అందుకోసం ఆ దూలం పొడవునా దిమ్మెలు పేర్చాలి. పక్కల పెట్టే ఊతకర్రలు అది ఒరగకుండా పట్టుకోవడానికే గనుక, వాటిని లోపల వంపుకర్ర (పలకలను పట్టి ఉంచే పక్కటెముక లాంటి కర్ర) ఉన్న చోటనే ఆనించాలి, లేకపోతే పలక లోపలికి నొక్కుకుపోతుంది. అడుగున నీరు పోయే రంధ్రం బిరడాను తీసి ఉంచాలి. ఎండకు పలకల సందులు తెరుచుకుంటే కంగారు పడి గట్టిపడే లప్పంతో నింపడం పెద్ద పొరపాటు: పడవ మళ్ళీ నీటిలోకి దిగి పలకలు ఉబ్బినప్పుడు ఆ లప్పం లొంగదు, ఆ ఒత్తిడికి మేకులు ఊడవచ్చు, వంపుకర్రలే విరగవచ్చు. పడవ నీటిలోనే ఉండవలసి వస్తే, దాని ప్రాణం నీరు తోడే పంపు మీద, పంపు ప్రాణం బ్యాటరీ మీద ఆధారపడతాయి; కాబట్టి వారానికొకసారైనా స్వయంగా ఎక్కి చూడాలి.

తరువాత చేయవలసింది నిజాయితీ గల పరీక్ష. సుత్తితో పలకల మీద వరుసగా తట్టుతూ పోతే గట్టి చెక్క ఖంగున మోగుతుంది, కుళ్ళిన చెక్క మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట దబ్బనం గుచ్చి చూడాలి. నిగనిగలాడే కొత్త రంగు కింద దబ్బనం పిడి దాకా దిగిపోయి, బయటికి తీస్తే మొనకు తడి కాఫీపొడి లాంటి ముద్ద అంటుకొని రావడం ఒకసారి చూసినవారు, ఆ తరువాత ఏ పడవ రంగునూ నమ్మరు. వేట పడవల్లో తప్పక వెతకవలసిన చోటు చేపలు నిల్వచేసే గది. అక్కడ ఏళ్ళ తరబడి కరిగిన మంచు మంచినీరే కాబట్టి, లోపలి తొడుగు వెనుక కుళ్ళు కంటికి కనిపించకుండా పాకుతుంది. అడుగు దూలానికి ఆనుకొని ఉండే మొదటి పలకనూ, పైతట్టు అంచులనూ, వెనుక పలక మూలలనూ కూడా వదలకూడదు.

పలకల మీద తుప్పు చారలు కారుతుంటే రెండు మూడు మేకులు లాగి చూడాలి. తుప్పు పట్టిన ఇనుము తాను నశించడమే గాక చుట్టూ ఉన్న చెక్కను నల్లబరచి మెత్తబరుస్తుంది. అటువంటి చోట కొత్త మేకుకు పట్టు దొరకదు. టెరెడో అనే ఓడపురుగు పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల బంధువు. పైన గుండుసూది తలంత రంధ్రం చేసి లోపల వేలు పట్టేంత సొరంగం తవ్వుతుంది. ఉప్పు తక్కువ ఉన్న నీటిలో అది బతకలేదు. 1628లో మునిగిన స్వీడన్ ఓడ వాసా, 1961లో పైకి తీసే దాకా ఉప్పు తక్కువైన బాల్టిక్ సముద్రంలో దాదాపు పూర్తి రూపంతో నిలవడానికి అది ఒక ముఖ్య కారణం.

ఈ దశలో ఎవరో ఒకరు ఫైబర్‌గ్లాస్ తొడుగు వేయించమని సలహా ఇస్తారు. పాత పలకల పడవకు దాన్ని నేను సిఫారసు చేయను. చెక్క తేమను బట్టి ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది, తొడుగు అలా కదలదు. కొంతకాలానికి రెండూ విడిపోయి, మధ్య చేరిన నీరు బయటికి పోయే దారి లేక కుళ్ళు రెట్టింపవుతుంది. అడుగున సిమెంటు పోయడం వల్ల కూడా ఇదే జరుగుతుంది.

కాగితాల విషయంలో పడవ వేరు, వేట లైసెన్సు వేరు అని గుర్తుంచుకోవాలి. కొన్ని దేశాల్లో లైసెన్సుకే విలువ ఎక్కువ, కొన్నవారు దాన్ని ఉంచుకొని పడవను పారేస్తారు. 1990లలో బ్రిటన్‌లో వేట నౌకల సంఖ్య తగ్గించడానికి ప్రభుత్వం డబ్బు చెల్లించినప్పుడు, వేట మానుకుంటే సరిపోలేదు, పడవను పగలగొట్టాలన్నది షరతు. అలా ఇంకా గట్టిగా ఉన్న చెక్క పడవలు కూడా ముక్కలయ్యాయి. ఏ పథకం కింద సంతకం చేసినా, పడవ గతేమిటో రాసి ఉన్న వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ప్రకటనలో లోపాలను ముందే రాయడం, కుళ్ళిన చోటి ఫోటో కూడా పెట్టడం నష్టమనిపించవచ్చు గాని, దానివల్ల ఉబుసుపోకకు వచ్చేవారు తగ్గి, పని తెలిసినవారు వస్తారు. వచ్చినవారిని ధర కంటే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: పడవను ఎక్కడ ఉంచుతారు, మరమ్మతు ఎవరు చేస్తారు, మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు సిద్ధంగా ఉందా. వీటికి జవాబు లేని ఉత్సాహవంతుడికి ఉచితంగా ఇచ్చినా ఆ పడవ మరో రేవులో అనాథగా తేలుతుంది. అప్పుడు రేవు అధికారులు వెతికేది రికార్డులో పేరున్న పాత యజమానినే. అందుచేత తేదీ, సమయం, పడవ నంబరు, ఇంజిన్ నంబరు రాసిన అమ్మకపు పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేసి, పేరు మార్పు దరఖాస్తును అదే రోజు అమ్మినవారే స్వయంగా ఇవ్వడం మేలు.

ఎంత చేసినా కొన్ని పడవలు దక్కవు. అప్పుడు దక్కించుకోగలిగినది దాని ఆకారాన్ని. పడవను తిన్నగా నిలబెట్టి, నడి గీత వెంట ఒక తాడు బిగించి, సమాన దూరాల్లో గుర్తులు పెట్టి, ప్రతి గుర్తు దగ్గర ఆ గీత నుంచి పలక ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాసుకుంటే, నేర్పరి అయిన వడ్రంగి ఆ అంకెలతో అదే ఒడ్డూపొడుగూ ఉన్న పడవను మళ్ళీ కట్టగలడు. విప్పే ముందు ఇంధనాన్నీ పాత నూనెనూ తీసివేయాలి. విప్పేటప్పుడు రెండు పలకలూ, వాటి మధ్య సందూ, లోపలి వంపుకర్రా, వాటిని పట్టిన మేకులూ కలిసి ఉన్న మూరెడు ముక్కను విడదీయకుండా కోసి దాచాలి. ఏ మేకు ఎటు నుంచి దిగిందో, నీరు చొరకుండా సందులో పీచు ఎన్ని వరసలు కూరారో ఫోటోల్లో కనిపించదు.