మగ్గేసిన మామిడికాయలు మచ్చలు పడి కుళ్ళకుండా ఎలా చూసుకోవాలి?

గంపెడు బంగినపల్లి కాయలు కొని మగ్గేస్తాం. కొన్నప్పుడు నున్నగా ఉన్న కాయలే పండేసరికి నల్లమచ్చలు పడతాయి. నెపం వరిగడ్డి మీదికో, అమ్మినవాడి మీదికో పోతుంది. నిజానికి ఈ మచ్చతెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ అనే శిలీంధ్రం చెట్టు మీద, పిందె దశలోనే తొక్కలో చేరి అణగి ఉంటుంది. పచ్చికాయ తొక్కలో దాన్ని ఎదగనివ్వని పదార్థాలుంటాయి. కాయ పండే కొద్దీ అవి తగ్గిపోతాయి, శిలీంధ్రం విజృంభిస్తుంది. అందుకే చేసేదేదో కాయ గట్టిగా ఉన్నప్పుడే చేయాలి.

1. ముందు ఏరండి. దెబ్బ తగిలినవి, ముచ్చిక ఊడినవి విడిగా పెట్టి పచ్చడికో పప్పుకో వాడేయండి. తొడిమ దగ్గర మొదలయ్యే కుళ్ళు ఇంకో రకం, అది ఇంకా త్వరగా పాకుతుంది.

2. 52 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ముంచండి. జ్వరం చూసే థర్మామీటర్ ఇక్కడ పనికిరాదు. సరైనది లేకపోతే ఈ పని మానేయడమే మేలు, వేడి ఎక్కువైతే తొక్క కమిలిపోతుంది. తీశాక చన్నీళ్ళలో చల్లార్చి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి.

3. ఒకే వరుసలో, గాలి ఆడేలా పరవండి. కోసిన కాయ కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని చక్కెరలు ఖర్చు చేస్తూ వేడినీ తేమనూ వదులుతుంది. పండే వేళ ఆ శ్వాస ఒక్కసారిగా పెరుగుతుంది. శిలీంధ్రం సోకితే ఇంకా పెరుగుతుంది, ఇథిలీన్ వాయువు కూడా ఎక్కువగా వస్తుంది. ఈ వాయువే పక్క కాయల్ని ముందుగా పండిస్తుంది. పండగానే వాటిలో అణగి ఉన్న శిలీంధ్రమూ లేస్తుంది. అంటే కుళ్ళిన కాయ పక్కదాన్ని తాకకపోయినా చేటే!

4. రోజూ ఒకసారి చూడండి. మచ్చ కనిపించిన కాయను ఆ గదిలోంచే తీసేయండి.

5. పండినవి ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చివి మాత్రం వద్దు. 12 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే అవి సరిగా పండవు, బయటికి తీశాక త్వరగా కుళ్ళుతాయి.

మచ్చ తొక్క వరకే ఉంటే ఆ భాగాన్ని మందంగా చెక్కేసి తినొచ్చు. గుజ్జులోకి దిగి పులిసిన వాసన వస్తుంటే మొత్తం పారేయండి.