పికప్‌లో రెండు బైకులు, వెనక క్యాంపు ట్రైలర్: పడిపోకుండా తీసుకెళ్లడం ఎలా?

చలికాలం వస్తే మా జట్టుకి ఇదే పని. ఒకసారి శ్రీకాకుళం నుంచి బారువ బీచి, ఇంకోసారి ఎస్.కోట మీంచి అనంతగిరి ఘాటు ఎక్కి అరకు. ఇంట్లోవాళ్లు కారులో వస్తారు. నేనూ మా బావమరిదీ పికప్‌లో. తొట్టిలో రెండు బైకులు, వెనక చిన్న ట్రైలర్‌లో టెంట్లు, పొయ్యి, నీళ్ల క్యాన్లు. "బైకుల మీదే పోవచ్చుగా" అని అడిగేవాళ్లకి ఇంకా నడుం నొప్పి రాలేదని అర్థం.

ఇది రాయడానికి కారణం వేరే ఉంది. మొన్న హైవే మీద నా ముందు ఒక టాటా ఏస్ పోతోంది. అందులో బైకు సైడు స్టాండు మీద నిలబడి ఉంది, సీటు చుట్టూ కొబ్బరితాడు రెండు చుట్లు. హ్యాండిల్ పట్టుకుని ఒక కుర్రాడు నిలబడ్డాడు. టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు అడిగాను, "ఏటి తమ్ముడూ, బైకుని నువ్వు పట్టుకున్నావా, బైకే నిన్ను పట్టుకుందా?" అని. "తాడు కట్టేసేం గదన్నా, ఏటీ అవదు" అన్నాడు. ఈ "ఏటీ అవదు" నేను చాలాసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను.

బండీ, సామానూ

బొలెరో పికప్ లాంటిది చూసుకోండి, తొట్టి ఎనిమిది అడుగులు దాటాలి. టాటా ఏస్ తొట్టి ఏడు అడుగుల చిల్లర. మా రెండు బైకుల్లో పెద్దది, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, దాని పొడవూ దాదాపు ఏడు అడుగులే. ఎక్కించగలరు గానీ వెనక డోరు మూయడానికి కుస్తీ పట్టాలి. బరువు పెద్ద సమస్య కాదు. క్లాసిక్ 195 కిలోలు, స్ప్లెండర్ 112, రెండూ కలిపితే 307.

బైకుకి నాలుగు చొప్పున ఎనిమిది రాచెట్ బెల్టులు కావాలి, అంటే పిడి ఆడిస్తే టకటకమంటూ బిగుసుకునే పట్టీలు. వాటితో పాటు మెత్తని పట్టీ లూపులు నాలుగు, గోనె సంచులు ఓ అరడజను, రెండంగుళాల మందం ఉన్న పొడవాటి చెక్క పలక ఒకటి, చక్రానికి అడ్డం పెట్టడానికి చెక్క దుంగలు. గోనెసంచికి బదులు పాత దుప్పటి పనికిరాదు, జారుతుంది. జనపనార పట్టు వేరు.

కొబ్బరితాడు గురించి కొబ్బరితోటల ఉద్దానం వాళ్లు నామీద కోపం తెచ్చుకోవద్దు. ఆ తాడుతో పాక కట్టండి, మంచం అల్లండి. బైకుకి మాత్రం వద్దు. అది సాగుతుంది. నైలాన్ తాడు కూడా సాగుతుంది. సాగిన తాడులో బైకు ఊగుతుంది, ఊగిన బైకు తాడుని ఇంకా సాగదీస్తుంది. పాలిస్టర్ బెల్టు సాగేది బాగా తక్కువ, అందుకే అది. పాత ట్యూబు రబ్బరుతో కడతానన్నవాడిని నేను నా బండి ఎక్కించుకోను.

ఎక్కించడం

పలక మీద బైకు నడుపుతూ ఎక్కే వీరులు ఎక్కండి, నేను చూడను. మేమైతే పికప్‌ని రోడ్డు పక్క మట్టి గట్టుకో, పాత కళ్లం అరుగుకో రివర్సులో ఆనిస్తాం. తొట్టీ గట్టూ ఇంచుమించు ఒకే ఎత్తుకి వస్తే పలక వంతెనలా పడుంటుంది. ఒకరు హ్యాండిలూ ముందు బ్రేకూ పట్టుకోవాలి, ఇద్దరు వెనక నెట్టాలి. అంతే.

బరువైన బైకు ఎప్పుడూ కుడివైపు, డ్రైవరు వెనకే ఉండాలి. మన రోడ్లు ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి, బరువు కూడా అటే ఉంటే బండి అటే మొగ్గుతుంది. స్ప్లెండర్‌ని ఎడమవైపు అరడుగు వెనక్కి నిలబెట్టి, ముందు చక్రానికీ క్యాబిన్ గోడకీ మధ్య దుంగ పెట్టండి. అప్పుడు రెండు హ్యాండిళ్లూ ఒకదాన్నొకటి పొడుచుకోవు.

అసలు పని: కట్టడం

నిదానంగా చదవాల్సింది ఇక్కడే. బైకుని కడుతున్నాం అనుకున్నంతకాలం తప్పే చేస్తారు. బైకుని దాని స్ప్రింగుల మీదకే కిందికి లాగి పెడుతున్నాం. తేడా తెలియాలంటే నా కథ వినండి. ఏడెనిమిదేళ్ల కిందట బుల్లెట్‌ని సైడు స్టాండు మీదే ఉంచి, క్రాష్ గార్డుకి తాళ్లు బిగించి బయలుదేరాను. గుంట వచ్చినప్పుడల్లా ముందు స్ప్రింగు నొక్కుకుంటోంది, ఆ క్షణంలో తాడు వదులవుతోంది, మళ్లీ బిగుసుకుంటోంది. ఎస్.కోట చేరేలోపు ఒక ముడి జారిపోయింది. బుల్లెట్ పక్కకి ఒరిగి, హ్యాండిల్ కొన క్యాబిన్ వెనక అద్దంలోంచి లోపలికి వచ్చింది. నా చెవికి జానెడు దూరంలో ఆగింది. సైడు స్టాండు తొట్టి రేకుని పొడిచి చేసిన చిల్లు ఇంకా అలాగే ఉంది, పూడ్చలేదు.

కాబట్టి స్టాండు తీసేయాలి. సైడు స్టాండూ వద్దు, సెంటర్ స్టాండూ వద్దు. బైకు రెండు చక్రాల మీదే నిటారుగా నిలబడాలి. ముందు చక్రం క్యాబిన్ గోడకో దుంగకో తిన్నగా ఆనాలి. ఒక మనిషి బైకు మీద కూర్చుని కాళ్లు కింద ఆనించి పట్టుకోవాలి. ముందు బెల్టులు రెండూ పడేదాకా అతను దిగకూడదు, ఫోనొచ్చినా సరే.

బెల్టు ఎక్కడ తగిలించాలి? హ్యాండిల్ కొనలకి కాదు, అవి వంగుతాయి. క్రాష్ గార్డుకి కాదు. అద్దాలూ ఇండికేటర్లూ అయితే చెప్పనక్కర్లేదు. హెడ్‌లైటు కింద, ముందు చక్రాన్ని మోసే రెండు ఫోర్కు పైపుల్నీ కలిపి పట్టుకునే మందపాటి ఇనప ప్లేటు ఉంటుంది. మెత్తని లూపు దాని చుట్టూ వేసి, ఆ లూపుకి బెల్టు కొక్కెం తగిలించాలి. క్లచ్చు, బ్రేకు కేబుళ్లూ వైర్లూ లూపు కింద నలగకుండా వేలితో తడిమి చూడండి. చాలామంది ఇది చూడరు. దించాక హారన్ మోగలేదని మెకానిక్ దగ్గరికి పోతారు.

అక్కణ్ణుంచి బెల్టు ముందుకీ పక్కకీ కిందికీ దిగి తొట్టి మూల కొక్కేనికి చేరాలి. నిట్టనిలువుగా దిగితే బైకు పక్కకి ఊగుతుంది. మరీ పడుకుంటే కిందికి లాగదు. 45 డిగ్రీల దగ్గర ఉంటే రెండు పనులూ చేస్తుంది.

ఇక బిగించడం. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకి పోతే బైకు వంకరగా కూర్చుంటుంది. కుడివైపు నాలుగు టకటకలు, ఎడమవైపు నాలుగు, మళ్లీ కుడివైపు. మీద కూర్చున్నవాడు హ్యాండిల్‌ని బరువుగా కిందికి నొక్కుతుండాలి. బైకు ముక్కు నెమ్మదిగా దిగుతుంది. ఫోర్కు మెరుపు పైపు మీద మొదటే మార్కరుతో చిన్న గీత పెట్టుకోండి, ఎంత దిగిందో కళ్లకి కనిపిస్తుంది. మామూలుగా ఎంత లోతు నొక్కుకుంటుందో అందులో మూడో వంతు దగ్గర నేను ఆపుతాను. సగం దాటకూడదు.

"ఇంకా బిగించు బావా, మంచిదేగా" అంటాడు మా బావమరిది ప్రతిసారీ. మంచిది కాదు. స్ప్రింగు మొత్తం దిగిపోతే గుంటలో దెబ్బ నేరుగా ఛాసిస్‌కీ బెల్టుకీ తగులుతుంది, గంటల తరబడి అలాగే ఉంటే ఫోర్కు సీళ్లు ఆయిలు కక్కుతాయి. అలాగని వదులుగా పెడితే, గుంటలో ముక్కు దిగినప్పుడు బెల్టు సడలుతుంది, మూత లేని కొక్కెం ఊడి పడిపోతుంది. నా బుల్లెట్‌కి అయిందీ ఇలాంటిదే, కొక్కేనికి బదులు ముడి జారింది. కొక్కేలకి మూత లేకపోతే వాటి నోటికి టేపు చుట్టండి, పది రూపాయల పని.

వెనక రెండు బెల్టులు సీటు కింది ఫ్రేముకో, వెనక ఫుట్‌రెస్టు బిగించిన చోటుకో వేయాలి. ఇక్కడ కిందికి లాగక్కర్లేదు. వెనక చక్రం పక్కకి గెంతకుండా పట్టుకుంటే చాలు. బెల్టు సైలెన్సరుకి తగలకూడదు, ఇప్పుడే ఆపిన బండి అయితే మరీను. వేడికి బెల్టు కరిగిపోతుంది. తొట్టి అంచు మీద రాసుకునే ప్రతిచోటా గోనె మడత పెట్టండి. బెల్టుకి ఒక మెలి వేస్తే గాలికి అది బుర్రుబుర్రుమని కొట్టుకోదు. మిగిలిన కొసల్ని ముడేసి దోపండి, వేలాడే కొస ట్రైలర్ చక్రంలోకే పోతుంది.

గేరు మొదటిదాంట్లో పెట్టండి. కార్బొరేటర్ బైకు అయితే పెట్రోలు ట్యాపు మూసేయండి. ఇప్పుడు సీటు పట్టుకుని బలంగా ఊపండి. బైకు ఊగితే మళ్లీ మొదటి నుంచీ. పికప్ మొత్తం బైకుతో కలిసి ఊగితే సరిగ్గా కట్టినట్టు. తొట్టిలో మనిషిని మాత్రం కూర్చోబెట్టొద్దు. బెల్టులు పట్టుకోలేని 195 కిలోల్ని ఆ మనిషి పట్టుకోలేడు.

ట్రైలర్

1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషను, నంబరు పలక, వెనక దీపాలు ఉండాలి. వెల్డింగు షాపులో తోచినట్టు చేయించి తగిలించడం కుదరదు.

బరువు సర్దడం మన తాతలకి తెలిసిందే. ఎడ్లబండికి వెనక బరువెక్కితే నొగలు పైకి లేచి కాడి ఎడ్ల మెడలమీంచి తేలిపోతుంది. ముందు మరీ ఎక్కువైతే మెడలు వంగిపోతాయి. ట్రైలరూ అంతే. దాని మొత్తం బరువులో పదో వంతు నుంచి 15 శాతం దాకా, పికప్‌కి తగిలించే ముందు కొక్కెం మీద పడాలి. 300 కిలోల ట్రైలర్‌కి 30 నుంచి 45 కిలోలు. ధాన్యం తూచే కాటా మీద కొక్కెం ఆనించి చూస్తే అయిపోతుంది. నీళ్ల క్యాన్లూ గ్యాసు బండా ఇరుసుకి కాస్త ముందు, టెంట్లూ దుప్పట్లూ వెనక. వెనక బరువున్న ట్రైలర్ కాస్త వేగమందుకోగానే పాములా తోక ఊపుతుంది, బ్రేకు వేస్తే ఇంకా ఊపుతుంది. అలా ఊపినప్పుడు బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటరు మీంచి కాలు తీయండి. ఆ కొక్కెం కింద పికప్‌కీ ట్రైలర్‌కీ మధ్య రెండు గొలుసులు కత్తెరలా వేసుకోండి.

దారిలో

మొదటి పది పదిహేను కిలోమీటర్లలో ఒకసారి ఆగి తీరాలి. బెల్టులు, లూపులు అప్పుడే సర్దుకుని వదులవుతాయి. బారువ వైపు వెళ్తుంటే మేము మడపాం దగ్గర వంశధార వంతెన దాటక ముందే ఆగి, ప్రతి రాచెట్‌కీ ఒకటి రెండు టకటకలు వేస్తాం. నా బండిలో ముల్లు 60 దాటదు. వెనకవాడు హారన్ కొడితే కొట్టనీయండి.

ఘాటులో సాలూరు లారీ డ్రైవర్ల మాటే నాకు చట్టం: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీదే ఆధారపడి ట్రైలర్‌తో దిగితే వాసన ముందొస్తుంది, తర్వాత బ్రేకు పోతుంది.

బారువలో ట్రైలర్‌ని ఇసకలోకి దించొద్దు, గట్టి నేల మీదే వదిలేయండి. చలికాలం చివర్లో ఆ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి ఇసక మీద లైట్లు ఆర్పేయండి.

దించడం

ఇక్కడ సగంమంది బైకు పడేస్తారు. వెనక బెల్టులు ముందు తీయండి. ముందు బెల్టులు తీసేముందు మనిషి బైకు మీద కూర్చోవాలి. నొక్కి ఉన్న స్ప్రింగు ఒక్కసారి ఎగిరితే, ఒకవైపు బెల్టు మాత్రమే మిగిలిన బైకు అటే పడుతుంది. రెండువైపులా కొంచెం కొంచెంగా వదులు చేయండి.

కిందకి దిగాక పెట్రోలు ట్యాపు తెరవండి. తెరవకుండా పదిహేను కిక్కులు కొట్టి, "నువ్వు కట్టిన కట్టుకే బండి పాడైంది బావా" అని బారువ బీచిలో అందరి ముందూ అన్నవాడు నాకు ఒకడున్నాడు.